ఖాతా లేని ఊరు

మోకిల దగ్గర శంకర్‌పల్లి రోడ్డు వదిలిపెట్టి ఉత్తరం వైపు తిరిగితే కొండకల్. రెవెన్యూ లెక్కల్లో శంకర్‌పల్లి మండలం, ఓటు చేవెళ్ల నియోజకవర్గంలో. దారి పొడుగునా విల్లాల హోర్డింగులు, వాటి వెనక ప్రహరీలు. ప్రహరీకీ ప్రహరీకీ మధ్య ఇంకా బేరం కుదరని చెలకల్లో టమాట, ఆకుకూరలు. ఊరి పేరు చెప్పగానే ఇప్పుడు ముందు గుర్తొచ్చేది 2023 జూన్‌లో మొదలైన మేధా రైలు పెట్టెల కర్మాగారం. ఆ తర్వాత ఒక అంతర్జాతీయ బోర్డింగ్ స్కూలు. వీటన్నిటికన్నా వయసులో పెద్దది, 1874లో సికింద్రాబాదు నుంచి వాడి దాకా వేసిన రైలుమార్గం. నేను వెళ్లింది కర్మాగారం కోసమూ కాదు, గజం ధర కనుక్కోవడానికీ కాదు. ఇక్కడి నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా ఎంతో దూరం పోకుండానే ఏదో ఒక కాలేజీ గేటు తగులుతుంది. దొంతన్‌పల్లి దగ్గర ఇక్ఫాయ్, దక్షిణంగా దిగితే అజీజ్‌నగర్, మొయినాబాద్, గండిపేటల్లో వరసగా ఇంజినీరింగ్ కాలేజీలు, ఒక మెడికల్ కాలేజీ, ఉత్తరంగా పోతే కంది దగ్గర ఐఐటీ. ఇంతమంది విద్యార్థుల నడుమ ఉన్న ఊరికి కాలేజీ ఊరి వాసన ఎంతో కొంత అంటకుండా ఉంటుందా అన్నది చూడాలని వెళ్లాను.

కాలేజీ ఊరిని గుర్తుపట్టడానికి కాలేజీ బోర్డు అక్కర్లేదు. గేట్లకు టు-లెట్ అట్టలు వేలాడుతుంటాయి. కింద ‘బ్యాచిలర్లకు ఇవ్వబడదు’ అని రాసి ఉంటుంది, పై పోర్షన్‌లో మాత్రం నలుగురు బ్యాచిలర్లే ఉంటారు. మెస్ బయట చెప్పుల గుట్ట, జిరాక్స్ షాపులో పోయినేడు సీనియర్ రాసిన నోట్సు, చాయ్ హోటల్లో గల్లా పెట్టె పక్కన మూలలు నలిగిన పొడుగాటి నోటు పుస్తకం. ఆ పుస్తకానికే ఖాతా అని పేరు. కొండకల్‌లో చాయ్ దొరికింది. గాజు సీసాలో ఉస్మానియా బిస్కెట్లూ ఉన్నాయి. (ఆ బిస్కెట్టు చేరని ఊరు తెలంగాణలో ఉందనుకోను.) ఖాతా పుస్తకం ఉండాల్సిన చోట క్యూఆర్ కోడ్ అట్ట, దాని పక్కన సౌండ్ బాక్సు. చాయ్ తాగినవాళ్లు ఫోను చూపించగానే డబ్బు అందిందని ఆ డబ్బా రోడ్డుకు వినబడేట్టు చెబుతోంది. తాగుతున్నవాళ్లు తాపీ మేస్త్రీలు, టిప్పర్ డ్రైవర్లు, విల్లాల దగ్గర కాపలా ఉండేవాళ్లు. మెడలో ఐడీ కార్డున్న మనిషి ఒక్కరూ లేరు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ కనిపించని పుస్తకం గురించే. కాలేజీ ఊరి మీద మనిషికి బతికినన్నాళ్లూ మిగిలే ఇష్టం, ఆ ఊరికి పడ్డ బాకీలోంచి పుడుతుంది. తిండి, పడక, ప్రయాణం అన్నీ ఏడాది మొదట్లోనే చలానా కట్టేసి చదివిన చదువుకు స్నేహితులు మిగులుతారు, ఊరు మిగలదు.

తెలుగునాట చదువు చాలాకాలం ఊరి అన్నం మీదే నడిచింది. వారాలు చేసుకుని చదువుకున్నాడు అనే మాట ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్పాలి. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, ఇలా ఏడు రోజులకు ఏడిళ్లు కుదుర్చుకుని భోజనం చేసి చదువుకోవటం. వారాలబ్బాయికి ఊళ్లో ఏ ఇంటి పులుసులో బెల్లం ఎక్కువో, ఏ ఇల్లాలు అడగకుండా మారు వడ్డిస్తుందో, ఏ ఇంట్లో విస్తరి వేసే ముందు ముఖం చిట్లిస్తారో అన్నీ తెలుసు. ఊరిని అతను కడుపుతో చదివాడు. డబ్బు తీసుకుని వండిపెట్టే పూటకూళ్ల ఇల్లు దీనికి మరో రూపం. టంగుటూరి ప్రకాశం తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఆయన్ను తన వెంట రాజమండ్రి తీసుకుపోయి చదివించింది గురువు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు. ‘నా జీవిత యాత్ర’లో ప్రకాశం ఈ రుణాలను దాచుకోలేదు. అదే రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఊరి పెద్దలు ముఖం చాటేస్తే పక్కన నిలబడ్డవాళ్లలో ఆయన విద్యార్థులున్నారు. ఊరు తిండి పెట్టింది కనుక ఊరి మంచిచెడ్డలు తమవే అనుకున్నారు, ఆ పెట్టిన ఊరితోనే తగువు పెట్టుకున్నారు. రుణపడ్డవాడికి ఊరి మీద కోపం కూడా సొంతదే.

హైదరాబాదు దీన్ని మరింత పెద్ద ఎత్తున చూసింది. 1918లో ఉస్మానియా ఏర్పడ్డప్పుడు దానికి సొంత కట్టడం లేదు. అద్దె భవనాల్లో క్లాసులు జరిగాయి. అడిక్‌మెట్ గుట్టల మీద ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని ప్రారంభించింది 1939 డిసెంబరు 4న. అంటే ఆ విశ్వవిద్యాలయమే తొలినాళ్లలో నగరంలో రూము తీసుకున్న జిల్లా కుర్రాడిలా బతికింది. అదే 1918లో, తర్వాత నగర కొత్వాలైన వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టల్ మొదలైంది. సురవరం ప్రతాపరెడ్డి దాని నిర్వహణ చూశారు, రావి నారాయణరెడ్డి అక్కడుండి చదువుకున్నారు. పేరుకు హాస్టలే గానీ దాని తలుపులు నగరంలోకి తెరుచుకునేవి. కాసేపు నడిస్తే సుల్తాన్‌బజార్, 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషా నిలయం. తెలంగాణ జిల్లాల పిల్లలకు తెలుగు పత్రిక, తెలుగు సభ, తెలుగు రాజకీయం ఒంటబట్టింది ఆ కొద్దిపాటి నడకలోనే. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడారని విద్యార్థులను వెళ్లగొడితే నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. నాగపూర్ పేరు చెబితే ఆనాటి తరం కళ్లల్లో వెలుగు వచ్చేది. కష్టకాలంలో తలదాచుకోనిచ్చిన ఊరిని ఎవరు మరిచిపోతారు?

ఆ తర్వాతి తరాలకు ఆ పని విద్యానగర్, నల్లకుంట, రామ్‌నగర్, తార్నాక, మాణికేశ్వరీనగర్ చేశాయి. నెలాఖరుకు అందని మనియార్డరు, అద్దె ఆలస్యమైతే కింద పోర్షన్ ఆంటీ మెట్ల దగ్గర కాపు కాయటం, మెస్‌లో ఒకే కార్డు మీద ఇద్దరు తినటం, ఇరానీ హోటల్లో ఒక పౌనా చాయ్‌ను రెండు సాసర్లలో పంచుకోవటం. ఉస్మానియాలో చదివిన ఏ ఇద్దరు కలిసినా ఈ కథలే. సిలబస్‌లో ఏముందో ఎవరూ చెప్పరు. గమనించాల్సిందేమంటే, ఈ కథలన్నిట్లో తప్పకుండా ఒక బయటి మనిషి ఉంటాడు. విద్యార్థి కాడు, లెక్చరర్ కాడు. ఓనరు, మెస్ నడిపే మనిషి, గల్లా మీద కూర్చున్న సేఠ్, కండక్టరు. బాకీ ఉన్నది వాళ్లకే.

సాహిత్యం కూడా అద్దె గదిని ఊరికే పట్టుకోలేదు. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ విశాఖపట్నంలో నడుస్తుంది. మెడిసిన్ చదివే ప్రకాశం మేడ మీద గదిలో ఉంటాడు, కింద ఇందిర, ఆమె తండ్రి. వైద్య విద్యార్థి కథ గదా అని అందులో శవపరీక్ష గదులూ పరీక్షల బెంగలూ వెతికితే నిరాశే. కథంతా మేడ మెట్ల మీద తయారైంది. చదువుకునే కుర్రాడు తనకు సంబంధం లేని ఒక సంసారం మీద అద్దెకు దిగటం వల్లనే ఇందిర లాంటి మనిషి అతని ఎదుట పడింది. అదే ప్రకాశాన్ని క్యాంపస్ హాస్టల్లో, తనలాంటి మూడొందల మంది మధ్య పెడితే ఆ నవలకు అసలు చోటెక్కడ? ఇందిర గేటు బయటే ఉండిపోయేది.

ఇక కొండకల్ చుట్టుపక్కలకు వద్దాం. గండిపేటలో చైతన్య భారతి కాలేజీ వచ్చింది 1979లో. అసలు వరద 1990ల చివర వచ్చింది. 1997లో గండిపేటలోనే మహాత్మాగాంధీ కాలేజీ, ఆ తర్వాత అజీజ్‌నగర్, మొయినాబాద్ వైపు మరికొన్ని. 2003 ఏప్రిల్ 9న ఇదే చేవెళ్ల నుంచి పాదయాత్ర మొదలుపెట్టిన రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి సీట్లు నింపింది. కాలేజీలు వచ్చాయి గానీ వాటి చుట్టూ రూములూ మెస్సులూ అంగళ్లూ ఉన్న ఊరు ఎందుకు రాలేదు? మొయినాబాద్ వైపు దీనికి ఒక రాతపూర్వక కారణం ఉంది. 1996లో వచ్చిన 111 జీవో, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులకు పది కిలోమీటర్ల మేర 84 ఊళ్లలో కాలనీలకూ పరిశ్రమలకూ అడ్డుకట్ట వేసింది. కాలనీ లేనిచోట టు-లెట్ అట్ట ఎక్కడ కడతారు? రెండో కారణం అవుటర్ రింగు రోడ్డు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు పడ్డాక నగరంలో ఏ మూల ఉన్న ఇంటి నుంచైనా పొద్దున బయల్దేరి మొదటి పీరియడ్‌కు చేరొచ్చు, సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తినొచ్చు. చదువుకు వెళ్లటం అంటే ఊరు మారటం అనే మాటకు అక్కడితో చెల్లు.

ఇది కాలేజీలకే పరిమితమైన మార్పు కాదు. ఇక్కడికి దగ్గర్లోనే రామచంద్రాపురంలో 1960లలో బీహెచ్ఈఎల్ వచ్చినప్పుడు ఫ్యాక్టరీతో పాటు క్వార్టర్లు, బడి, ఆటస్థలం, కూరగాయల మార్కెట్టు వచ్చాయి. ఫ్యాక్టరీ తన ఊరిని తానే వెంట తెచ్చుకుంది. కొండకల్ కర్మాగారం కాలానికి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు పని వచ్చే చోటికి మనుషులు కాపురానికి రారు, బస్సు రూటు వస్తుంది. 2008లో ఐఐటీ హైదరాబాదు మొదలైంది కూడా ఇక్కడికి ఎంతో దూరం లేని ఎద్దుమైలారంలో, ఆయుధ కర్మాగారం ఆవరణలో, అరువు భవనాల్లో. తర్వాత కందిలో సొంత ఆవరణ సమకూరింది, అదొక చిన్న నగరమంత ఉంది. లోపల అన్నీ ఉన్నాయి కనుకే బయటికి వచ్చే పని పడదు. సౌకర్యం పెరిగేకొద్దీ గేటు బరువెక్కుతుంది.

సాయంత్రం నాలుగు దాటాక ఈ రోడ్ల మీద పసుపు పచ్చ బస్సులు బారులు తీరుతాయి. దగ్గర నిలబడి చూస్తే ఒక్కో బస్సూ ఒక్కో పేట. అద్దం మీద రూటు నంబరు, ఎల్బీనగర్, ఈసీఐఎల్, కూకట్‌పల్లి అని పేర్లు. కిటికీలకు అడ్డంగా కడ్డీలు. ముందు సీట్లలో లెక్చరర్లు, మధ్యలో ఆడపిల్లలు, వెనక బల్ల మీద ఫైనలియర్ వాళ్లు. ఆ వెనక బల్ల ఎవరిదన్నది రాయని చట్టం. రికార్డులు రాయటం, నిద్రపోవటం, ఇయర్‌ఫోనులో చెరొకటి పెట్టుకుని ఒకే పాట వినటం, అలగటం, రాజీపడటం అన్నీ అందులోనే. రోజుకు మూడు గంటలు, నాలుగేళ్లు. న్యాయంగా చెప్పాలంటే ఈ తరానికి కాలేజీ ఊరు ఆ బస్సే. పదేళ్ల తర్వాత వాళ్లు తలుచుకునేది రూటు నంబరునే. నేను దాన్ని తక్కువ చేయను. కాకపోతే ఆ ఊళ్లో ఉన్నవాళ్లందరూ ఒకే ఫీజు కట్టినవాళ్లు, దారిలో ఎక్కేవాడు లేడు. ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు మీద స్టూడెంట్ పాస్ పట్టుకు వేలాడినవాడికి పాలక్యాన్ల మనిషి, ఆసుపత్రికి పోయే ముసలమ్మ, చిల్లర కోసం గదమాయించే కండక్టరు తగిలారు. పసుపు బస్సుకు డ్రైవరు ఒక్కడే బయటి మనిషి.

దీనికి తగిన ఎదురుమాట గండిపేటలోనే ఉంది. 2007లో వచ్చిన శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’ చాలాభాగం చైతన్య భారతి కాలేజీలోనే తీశారు. ఆయన చదివిందీ అక్కడే. తెలుగులో ఒక తరం తన కాలేజీ జ్ఞాపకం ఇదే అని ఒప్పుకున్న సినిమా అది. అందులో ప్రేమలూ గొడవలూ కంటతడీ దాదాపు అంతా గేటు లోపలే నడుస్తాయి. మరి గేటు లోపల జ్ఞాపకం పుట్టదని ఎలా అంటావు అని అడగొచ్చు. పుట్టదని నేననటం లేదు. ఆ సినిమా చూసి బయటికి వచ్చినవాళ్లకు గుర్తొచ్చింది ఎవరు? పాత స్నేహితులు. ఫోన్లు చేసుకున్నారు, గ్రూపులు కట్టుకున్నారు. గండిపేట ఊరు గుర్తొచ్చిందని ఎవరూ అనలేదు. స్నేహితుడి జ్ఞాపకం వేరు, ఊరి జ్ఞాపకం వేరు. స్నేహితుణ్ణి అమెరికా దాకా జేబులో పెట్టుకుపోవచ్చు. ఊరైతే అక్కడే ఉంటుంది, దాన్ని చూడాలంటే మనమే తిరిగి వెళ్లాలి. అలా తిరిగి వెళ్లేట్టు చేసే కొక్కెం ఏమిటన్నదే నా ప్రశ్న.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది, దాన్ని దాటవేస్తే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఖాతా పుస్తకంలో పేర్లన్నీ మగపేర్లే. వారాలు పెట్టిన ఇళ్లు చాలావరకు కులం చూసే పెట్టాయి. ఆ అన్నం దొరికింది కొందరికే. హాస్టళ్లు కూడా కులాల పేర్లతో లేచాయి. దళిత విద్యార్థి రూము కోసం వెళితే ఓనరు ముందు ఊరు అడిగి, తర్వాత ఇంటిపేరు అడిగి, ఆ తర్వాత రూము నిన్ననే ఇచ్చేశామని చెప్పటం నిన్న మొన్నటి పద్ధతే కాదు, నేటిది కూడా. ఆ పిల్లలకు చదువు చెప్పించింది మెస్ ఖాతా కాదు, సర్కారు సాంఘిక సంక్షేమ హాస్టల్, దాని నీళ్ల చారు. ఆడపిల్లల సంగతి సరే సరి. కోఠి మహిళా కళాశాల 1949లో పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి, నగరం నడిబొడ్డుకు వచ్చినా, బయటి ఫుట్‌పాత్ పుస్తకాల దుకాణాల దాకా వచ్చిపోవటమే చాలామందికి దక్కిన నగరం. చీకటి పడితే గేటు మూసేస్తారు. అర్ధరాత్రి చాయ్ కథలు చెప్పే అన్నలంతా ఆ గంటకు చెల్లెళ్లు ఎక్కడున్నారో ఆలోచించినట్టు కనిపించదు. గోడ ఉన్న క్యాంపసే కదా ఈ పిల్లలకు లైబ్రరీలో రాత్రి పది దాకా కూర్చునే భరోసా ఇచ్చింది అంటే, అవును, ఇచ్చింది.

ఇందులో ఒక్క మాటనూ కాదనను. అయితే దీని నుంచి తేలేది ఊరు చెడ్డదని కాదు, ఊరు అందరికీ ఖాతా తెరవలేదని. తెరవని ఖాతాకు విరుగుడు పుస్తకాన్ని చింపేయటమా? గోడ కట్టటం వల్ల ఓనరు మారలేదు, ఇంటిపేరు అడగటం మానలేదు. అతనికి విద్యార్థులు కనిపించటం మానేశారు, అంతే. ఒకప్పుడు అతను అవమానించిన కుర్రాడు వీధిలో ఉన్నాడు కనుక వీధిలోనే జవాబు చెప్పాడు, సంఘం పెట్టాడు, గోడ మీద రాశాడు. ఆడపిల్లల విషయంలో జవాబు ఇప్పుడిప్పుడే కళ్ల ముందు కదులుతోంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ సాధారణ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఆ పథకం ఖర్చు గురించి వాదించేవాళ్లు వాదించనీ. చేవెళ్ల, వికారాబాద్ వైపు నుంచి వచ్చే పల్లెవెలుగు బస్సులో పొద్దున్నే నిలబడి చూస్తే బ్యాగులు ఒళ్లో పెట్టుకుని, కూరగాయల గంపల పక్కన ఒదిగి కూర్చున్న ఆడపిల్లలు కనిపిస్తారు. పసుపు బస్సులో దొరకని ఊరు వాళ్లకు ఇందులో దొరుకుతోంది. మర్రిచెట్ల కింద ఆగిన చోటల్లా ఎవరో ఒకరు ఎక్కుతున్నారు, ఎవరో ఒకరితో సీటు కోసం తగువు పడాల్సి వస్తోంది.

కొండకల్ తరఫున ఎవరైనా అడగవలసిన ప్రశ్న కూడా ఉంది. మీ జ్ఞాపకాల కోసం మా ఊరు మెస్సుల పేట కావాలా? చెరువుల నీళ్లు పాడైనా పర్వాలేదా? 111 జీవోను నేను ఇక్కడ దోషిగా నిలబెట్టటం లేదు. 1908 మూసీ వరద తర్వాత కట్టుకున్న ఆ రెండు చెరువుల కన్నా ఎవరి తీపి గురుతులూ ఎక్కువ కాదు. కాలేజీ ఊరు అంటే ఆరంతస్తుల హాస్టళ్లు అని ఎవరన్నారు? సాయంత్రం రెండు గంటలు గేటు తెరిచి ఉండటం, ఆర్టీసీ స్టాపు ప్రహరీకి ఆనుకుని ఉండటం, ఊరి పిల్లలు కూడా కూర్చోగల చదువుగది ఒకటి ఉండటం, ఇంతవరకు చాలు. ఊరికీ కాలేజీకీ తగవులొస్తాయన్న భయం మాత్రం నిజమే. ఆక్స్‌ఫర్డ్‌లో 1355 ఫిబ్రవరి 10న ఒక సారాయి దుకాణంలో మద్యం బాగాలేదని విద్యార్థులు పెట్టిన పేచీ ముదిరి పదుల ప్రాణాలు తీసింది. శిక్షగా ఆ ఊరి పెద్దలు ఏటా చర్చికి వెళ్లి 63 పెన్నీలు చెల్లించాల్సి వచ్చింది. ఆ చెల్లింపు 1825లో గానీ ఆగలేదు. దాదాపు 470 ఏళ్లు నడిచిన ఖాతా! పగ కూడా ఒక లెక్కే, ఆ లెక్క ఉన్నంతకాలం ఊరూ కాలేజీ ఒకదాన్నొకటి మరిచిపోలేదు. ఇక్కడ పగ లేదు, తగువు లేదు. కాలేజీ పేరు చెబితే ఊరివాళ్లు దారి చూపిస్తారు, ఊరి పేరు చెబితే విద్యార్థులు మ్యాప్ తెరుస్తారు.

ఈ చుట్టుపక్కల మొత్తంలో విద్యార్థులు తమంతట తాము నడిచి వెళ్లే చోటు ఒక్కటుంది. అది చిలుకూరు. ఉస్మాన్‌సాగర్ ఒడ్డున బాలాజీ గుడి, నోటిమాటగా వీసా బాలాజీ. కోరిక కోరుకుని 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108. చేతిలో ఒకటి నుంచి నూట ఎనిమిది దాకా అంకెలు అచ్చేసిన కాగితం, ఒక్కో చుట్టుకు ఒక్కో అంకె మీద పెన్నుతో గీత. చమటకు కాగితం మెత్తబడి గీతలు అలుక్కుపోతుంటాయి. చుట్టూ నడుస్తున్నవాళ్లలో బ్యాక్‌లాగ్ పోవాలని వచ్చిన ఇంజినీరింగ్ కుర్రాడు, ఎఫ్-1 వీసా ఇంటర్వ్యూకు తేదీ దొరికిన అమ్మాయి, కొడుకు తరఫున మొక్కు తీరుస్తున్న తండ్రి. భక్తి సంగతి పక్కన పెట్టి లెక్క సంగతి చూడండి. ఈ గుడిలో హుండీ లేదు. డబ్బిచ్చి తీర్చేసుకునే దారి మూసేశారు. కాళ్లతో తీర్చాలి, స్వయంగా వచ్చి తీర్చాలి. అప్పు ముందు, చెల్లింపు తర్వాత. న్యూజెర్సీ నుంచి సెలవుకు వచ్చినవాళ్లు చదివిన కాలేజీ గేటు ముందు నుంచే పోతూ ఆగకుండా చిలుకూరు చేరుకోవటంలో ఆశ్చర్యమేముంది? కాలేజీకి కట్టాల్సింది ఏమీ మిగల్లేదు, నో-డ్యూస్ సర్టిఫికెట్ కూడా ఇచ్చేసింది. పాస్ అయిన ప్రతివాడి చేతిలో పెట్టే ఆ కాగితం పేరు ఎప్పుడైనా చెవిపెట్టి విన్నామా?

ఫోను ఉన్నప్పుడు ఊరెందుకు, అన్న మాట ఒకటి మిగిలింది. ఫోను ఫొటోలు దాస్తుంది, పుట్టినరోజులు గుర్తుచేస్తుంది, విడిపోయినవాళ్లను కలుపుతుంది కూడా. కానీ ఫోను వచ్చాక మొదట మాయమైంది ఈ చిన్న అప్పే. చాయ్‌కు చిల్లర లేదన్న సాకు లేదు. రేపిస్తాను అనాల్సిన అవసరం లేదు. రేపిస్తాను అన్నవాడు రేపు తప్పకుండా రావాలి, వస్తే ఇంకో చాయ్ తాగాలి, తాగుతూ దుకాణదారు కూతురి ఇంటర్ మార్కులు అడగాలి. ఆ మూడు పనులనూ సౌండ్ బాక్సు ఒక్క మాటలో తేల్చేసింది.

తిరుగుదారిలో కొండకల్ రైల్వే గేటు పడింది. సన్నగా వాన. కార్లు, టిప్పర్లు, వాటి వెనక రెండు పసుపు బస్సులు ఆగాయి. రైలు రావటానికి ఇంకా టైముంది. బస్సు ఇంజను ఆపేశాక కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పట్టాల పక్కన గొడుగు కింద ఒకామె మక్క కంకులు కాలుస్తోంది. విసనకర్రకు నిప్పులు చిటపటమంటుంటే పొగ బస్సు వైపే పోతోంది. మొదటి కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది, తర్వాత ఇంకో రెండు. ఆమె లేచి కంకికి నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్ది, ఆకులో చుట్టి, కడ్డీల మధ్య నుంచి అందించింది. మెడలో ఐడీ కార్డున్న అమ్మాయి ఫోను బయటికి చాచి గొడుగు కర్రకు కట్టిన క్యూఆర్ అట్ట వైపు పట్టుకుంది. దూరం వల్లనో వాన వల్లనో అందలేదు. మళ్లీ పట్టుకుంది. ఈలోగా గూడ్సు బండి రానూ వచ్చింది, పోనూ పోయింది, గేటు లేచింది. వెనక కార్లు హారన్లు మొదలుపెట్టాయి. బస్సు కదులుతుంటే ఆ అమ్మాయి కిటికీలోంచి ఏదో అరిచింది, ఇంజను మోతలో వినబడలేదు. సౌండ్ బాక్సు ఏమీ పలకలేదు. ఆమె బస్సు వెనక రాసి ఉన్న రూటు నంబరు వైపు ఒకసారి చూసి, నిప్పుల మీద కంకి తిప్పింది.